పెళ్లికి ముందు రాసుకున్న ఆరు పేజీలు: కడపలో ఒక కేసు

ఇద్దరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను, డబ్బు లెక్కలు కొంచెం అటూ ఇటూ చేశాను. జరిగిన క్రమం మాత్రం జరిగినట్టే ఉంది.

కడప కోర్టులో పద్దెనిమిదేళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. విడిపోవడానికి వచ్చిన వాళ్లను మొదటి గొడవ దేని మీద వచ్చిందని అడిగితే ఎక్కువమంది చెప్పేవి మూడే. బంగారం ఎవరి దగ్గరుంది, అప్పు సంగతి ముందే ఎందుకు చెప్పలేదు, జీతం ఎవరి చేతికి పోతోంది. ఈ మూడూ పెళ్లికి ముందే ఒక గంట కూర్చుంటే తేలేవి. కానీ ఆ గంట కూర్చోబెట్టేది ఎవరు? అందుకే ఆ అమ్మాయి మా ఆఫీసుకొచ్చి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మేడం, నాకు సంబంధం కుదిరింది. గొడవేం లేదు. గొడవ లేనప్పుడే అన్నీ రాసుకోవాలని ఉంది."

అప్పటికి కార్తీకం. ముహూర్తం మాఘంలో. చేతిలో మూడు నెలలున్నాయి. ఇలాంటి పనికి అంత వ్యవధి ఉండటం మంచిది. శుభలేఖలు పంచాక, కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టాక కాగితం ముందు పెడితే అవతలివాళ్లకు వద్దనే దారి ఉండదు. అలా పెట్టించుకున్న సంతకం రేపు బలవంతం కిందికి వస్తుంది.

అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్లు. ప్రొద్దుటూరు దగ్గర ఒక ఊళ్లో ప్రభుత్వ టీచరు. నాన్న లేరు. తమ్ముడు ఇంజనీరింగ్ రెండో ఏడు. తల్లి ఖర్చు, తమ్ముడి ఫీజు ఆమె జీతంలో నుంచే. అబ్బాయిది పులివెందుల వైపు, ఎనిమిదెకరాల చీనీ (బత్తాయి) తోట. ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేరు. మూడేళ్ల కిందట అక్కడ ఒక ఫ్లాట్ కొని నెలనెలా కంతు కడుతున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు, పెద్దలూ ఒప్పుకున్నారు. అమ్మాయి మనసులో ఉన్న భయాలు మూడు. పెళ్లయ్యాక అమ్మకు డబ్బు పంపితే ఎవరైనా మాట అంటారేమో, అమ్మమ్మ నగలు తన చేయి దాటిపోతాయేమో, ఉద్యోగం మానేయమంటారేమో.

మొదట చట్టం ఎంతవరకు తోడుంటుందో ఆమెకు చెప్పాను. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది. అక్కడ పెళ్లికి ముందు ఆస్తుల ఒప్పందం రాసుకుంటే దానికి చట్టంలో చోటుంది. క్రైస్తవుల విడాకుల కేసుల్లో 1869 చట్టంలోని 40వ సెక్షన్ కింద కోర్టు ఇలాంటి ఒప్పందాలను పరిశీలించవచ్చు. ముస్లింలకు పెళ్లే ఒప్పందం. హిందూ వివాహ చట్టంలో మాత్రం దీని ఊసే లేదు. అందువల్ల మనం రాసుకున్నది మామూలు కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. 1872 నాటి ఆ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. లోకహితానికి విరుద్ధంగా ఉన్న ఒప్పందం చెల్లదని దాని సారాంశం. పెళ్లి ఒప్పందాల్లో చాలా షరతులు అక్కడే ఆగిపోతాయి.

"మరి చెల్లనిదానికి రాసుకోవడం ఎందుకు మేడం?" అని అడిగింది. సరైన ప్రశ్నే. ఒక్క కాగితం మీద అన్నీ రాసి, నోటరీ ముద్ర కొట్టించి, బీరువాలో పెట్టుకుంటే పనైపోయిందనుకోవడంలోనే తప్పుంది. నగల సంగతికి ఒక కాగితం ఉంటుంది, స్థలానికి వేరే ఉంటుంది, బ్యాంకు అప్పుకు ఇంకొకటి ఉంటుంది. చట్టం ఏ మాటను ఏ కాగితంలో గుర్తిస్తుందో చూసి ఆ మాటను అందులో పెట్టాలి. ఎక్కడా పట్టని మాటలు, అంటే ఎక్కడ ఉండాలి, అమ్మానాన్నలను ఎలా చూసుకోవాలి లాంటివి, ఇద్దరి మధ్య మాటగా రాసుకోవాలి. ఈ కేసంతా నేను ఆ పద్ధతిలోనే నడిపాను.

పద్ధతి గురించి రెండు మాటలు. అమెరికాలోని మిన్నియాపోలిస్‌లో స్టువర్ట్ వెబ్ అనే లాయరు 1990లో, విడాకుల కేసుల కోసం ఇకపై కోర్టు మెట్లెక్కనని, సామరస్యంగా తేల్చే పనే చేస్తానని నిర్ణయించుకున్నాడు. దాని నుంచి పుట్టిన పద్ధతిలో ఇద్దరికీ చెరో లాయరు ఉంటారు, నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, ఎవరి ఆస్తి అప్పులు వాళ్లు దాచకుండా ముందు పెడతారు. అది చెడి కోర్టుకు వెళ్తే ఆ లాయర్లిద్దరూ తప్పుకోవాలి. అందువల్ల గొడవ పెరిగితే లాయరుకు లాభం ఉండదు. మన దగ్గర దీనికి ప్రత్యేక చట్టం లేకపోయినా అలా నడుచుకుందామని రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఒకే లాయరు ఇద్దరికీ రాసిపెట్టడం నేను ఒప్పుకోను. రేపు ఏదైనా తేడా వస్తే "ఆ మేడం వాళ్ల మనిషి" అనే మాట వస్తుంది, అందులో న్యాయం కూడా ఉంటుంది.

అబ్బాయి తరఫున మా బార్ అసోసియేషన్‌లోనే ఒక సీనియర్ లాయరు వచ్చారు. ముస్లిం పెద్దాయన, నాకు గురుస్థానం.

ఇక్కడ నా వల్ల జరిగిన తప్పు చెప్పాలి. మొదటి సమావేశానికి ముందే టైమ్ కలిసొస్తుందని ఒక నమూనా డ్రాఫ్టు తయారుచేసి ఇద్దరికీ వాట్సాప్‌లో పంపాను. పాత అలవాటు కొద్దీ మొదటి పేజీలోనే "వివాహం రద్దయిన పక్షంలో" అని మొదలుపెట్టాను. అబ్బాయి అక్క అది చదివి వాళ్ల నాన్నకు వినిపించింది. ఇటు అమ్మాయి వాళ్లమ్మ దాన్ని చూసి, "పసుపు దంచకముందే ఇదేందమ్మా" అని ఏడ్చింది. పది రోజులు రెండిళ్ల మధ్య ఫోన్లు లేవు. సంబంధం తప్పిపోతుందని అమ్మాయి నా ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచి కోసం వచ్చిన పిల్లకు నా తొందర చేటు తెచ్చింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. అందరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చోకముందు ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టను.

దాన్ని సరిదిద్దింది సీనియర్ గారే. రెండిళ్ల పెద్దలను ఏడు రోడ్ల దగ్గరున్న మా ఆఫీసుకు పిలిపించారు. అబ్బాయి నాన్న ఒక సంచి నిండా చీనీ కాయలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు. సీనియర్ గారు నెమ్మదిగా అన్నారు. "రెడ్డీ, మా నిఖానామాలో, అదే పెళ్లి కాగితంలో, పెళ్లికూతురికి ఇచ్చే మెహర్ ఎంతో రాసి, చదివి వినిపించి, అప్పుడే గదా ఖబూల్ అంటాం. తలాఖ్ ఇస్తామని రాసుకుంటామా? మాట మాటగా ఉండాలని రాసుకుంటాం. మరి మీలో ఇల్లటం అల్లుణ్ని తెచ్చుకునేటప్పుడు నీ తాత ముత్తాతలు ఏం చేసినారు?"

ఆ మాటకు అబ్బాయి నాన్న, ఆ పెద్దాయన, తలెత్తాడు. సీమలో ఇల్లటం తెలియని ఇల్లు లేదు. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ని తెచ్చుకుని, సేద్యం చూసుకుంటే కొడుకుతో సమానంగా వాటా ఇస్తామని పెళ్లికి ముందే మాట్లాడుకునేవాళ్లు. ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే బళ్లారి, కర్నూలు జిల్లాల రెడ్ల విషయంలో గుర్తించింది. "మా చిన్నాయన ఇల్లటం పోయినోడే సార్. కాగితం రాసుకోకపోతే బావమరదులు రోడ్డు మీదికి తోసుందురు" అన్నాడు. దాంతో గదిలో బిగుసుకుపోయిన గాలి కాస్త సడలింది. ఆ రోజే కాగితం పేరు "పరస్పర అవగాహన పత్రం" అని పెట్టుకున్నాం. విడిపోతే ఏమిటన్నది చివరి పేజీకి పోయింది.

బంగారం

రెండో సమావేశం మొత్తం బంగారానికే సరిపోయింది. అమ్మమ్మ నుంచి వచ్చిన కాసులపేరు, వడ్డాణం కలిపి "పన్నెండు తులాలు" అని తల్లి చెప్పింది. అబ్బాయి అక్క 140 గ్రాములని రాసుకుంది, అమ్మాయి 120 అని రాసుకుంది. ఇద్దరి లెక్కా తప్పు కాదు. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పటి దుకాణాల్లో తులమంటే 10 గ్రాములు. ఈ ఇరవై గ్రాముల తేడా పదేళ్ల తర్వాత కోర్టులో బయటపడితే "మా బంగారం తినేశారు" అన్న ఆరోపణ అవుతుంది. అలాంటి కేసులు నేనే వాదించాను.

అందరం కలిసి ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణానికి వెళ్లాం. తూకంలో 126.500 గ్రాములొచ్చింది. రాళ్లకు, లోపలి లక్కకు 8.300 తీసేస్తే బంగారం 118.200. కొత్తగా కొన్న గాజులు, నెక్లెస్, జుంకీలకు రసీదులున్నాయి. ప్రతి నగ మీదా అంకెలు అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ, అంటే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, ఉంది. భూతద్దం పెట్టి అబ్బాయి ఒక్కొక్కటే చదువుతుంటే అమ్మాయి రాసుకుంది. ఆ సాయంత్రం వాళ్లిద్దరినీ చూస్తే సగం పని అయిపోయిందనిపించింది నాకు.

ఈ జాబితాకు చట్టంలో గట్టి చోటుంది. వరకట్న నిషేధ చట్టం 1961 కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు దగ్గర, వరుడికి వచ్చినవాటి జాబితా వరుడి దగ్గర ఉండాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. పెళ్లిళ్లలో ఎవరు ఎంత చదివించారో నోటుబుక్కులో రాసుకుంటాం, ఈ జాబితా మాత్రం రాయం. స్త్రీధనం ఆమెదేనని, భర్త దగ్గరుంచినంత మాత్రాన అతనిది కాదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులోనే చెప్పింది. కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని 2024లో మరోసారి చెప్పింది. మన దగ్గర బోరు వేయాలన్నా, ఎరువు కొనాలన్నా మొదట బ్యాంకుకు పోయేది ఇంటి ఆడవాళ్ల బంగారమే. దాన్ని ఎప్పటికీ తాకట్టు పెట్టకూడదని రాస్తే అది నిలవదు. అందుకే ఇలా రాసుకున్నారు: పెట్టాల్సి వస్తే ఆమె పేరు మీదే పెట్టాలి, ఏ నగ, ఎంత బరువు, ఎప్పటిలోగా విడిపిస్తారు అన్నది జాబితా వెనక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

కట్నం ప్రస్తావన కూడా వచ్చింది. "వాళ్ల అమ్మాయికి వాళ్లేం పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం మేడం, నేనేమీ అడగలేదు" అని పెద్దాయన నాతో అన్నాడు. తల్లి మాత్రం తన పేరునున్న ఐదు సెంట్ల స్థలం పసుపు కుంకుమ కింద ఇవ్వాలనుకుంటోంది. అది ఆమె ఇష్టంతో, ఎవరూ అడగకుండా ఇస్తున్నదేనా అని ఆమెను విడిగా కూర్చోబెట్టి రెండుసార్లు అడిగాను. ఎందుకంటే కట్నం తీసుకున్నవాళ్లకే కాదు, ఇచ్చినవాళ్లకూ వరకట్న నిషేధ చట్టం 3వ సెక్షన్ కింద ఐదేళ్లకు తగ్గని జైలుంది. కట్నం గురించి రాసుకున్న ఒప్పందం 5వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కాబట్టి మా పత్రంలో స్థలం మాటే రాలేదు. డిసెంబరులో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కూతురి ఒక్కదాని పేరు మీదే దానపత్రం రిజిస్టర్ చేయించాం. పసుపు కుంకుమ కింద ఇచ్చామని నోటితో చెప్పి వదిలేసిన భూములు మన జిల్లాలో ఎన్నో. రిజిస్టర్ కాకపోతే దానం కింద స్థలం మారదు.

జామీను

మూడో సమావేశంలో అప్పులు. ఇద్దరూ బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం కాగితాలు తెచ్చారు. అమ్మాయికి తమ్ముడి ఫీజుకు తీసుకున్న రెండు లక్షల పర్సనల్ లోన్ ఉంది. అబ్బాయి ఫ్లాట్ లోన్ చూపించాడు. ఇంకేమైనా ఉన్నాయా అని సీనియర్ గారు అడిగితే లేవన్నాడు. తర్వాత కాసేపు ఆగి, తండ్రి వైపు చూసి, "నాన్న తోట లోన్‌కు జామీను సంతకం పెట్టినా" అన్నాడు. అంటే తండ్రి కట్టకపోతే తను కడతానని హామీ.

పద్నాలుగు లక్షలు. నాలుగు బోర్లు వేస్తే మూడు ఎండిపోయాయి. రెండేళ్లు చీనీ ధర లేదు. పెద్దాయన ముఖం నల్లబడింది. పెళ్లి సంబంధంలో ఈ మాట బయట పడటం ఆయనకు ప్రాణం పోయినంత పని. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మామా, ఇప్పుడు కంతులు సరిగా పోతున్నాయా?"

ఆయన మొదటిసారి అక్కడ లెక్క చెప్పాడు. సంవత్సరానికి ఎంత కట్టాలి, ఎంత కడుతున్నాడు, ఎంత వెనకబడ్డాడు. కొడుక్కి కూడా పూర్తి లెక్క అప్పుడే తెలిసింది.

చట్టం ప్రకారం తండ్రి అప్పుకు కొడుకైన ఒక్క కారణం చేత బాధ్యత రాదు. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకు తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పాత పితృఋణ ధర్మం కోర్టులో నిలవదు. కానీ జామీను సంతకం పెట్టాక కథ వేరు. జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం. అది అబ్బాయిది. భార్యకు మాత్రం తను సంతకం పెడితే తప్ప రాదు. ఇది వివరించి, ఇద్దరూ అనుకున్నది ఇలా రాశాం: పెళ్లికి ముందున్న అప్పులు ఎవరివి వాళ్లవి. ఇకపై ఎవరికైనా జామీను ఉండాలంటే రెండోవాళ్లకు ముందు చెప్పాలి. తోట లోన్‌కు అబ్బాయి నెలకు పన్నెండు వేలు పంపుతాడు, అది గుట్టుగా కాదు, ఇంటి లెక్కలో కనబడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురుగా అమ్మాయి తల్లికి పంపే పదిహేను వేలు చేరాయి. తమ్ముడి చదువు అయ్యేదాకా పదిహేను, తర్వాత తల్లికి ఎనిమిది. రెండు అంకెలూ ఒకే వరసలో కనబడేసరికి వాదన అక్కర్లేకపోయింది.

ఫ్లాట్ కంతు దగ్గర మాత్రం నేను గట్టిగా కలగజేసుకున్నాను. అబ్బాయి మంచి మనసుతోనే, "కంతు నేను కట్టుకుంటా, ఇంటి ఖర్చు తను చూసుకుంటే చాలు" అన్నాడు. వినడానికి బాగుంది. కానీ పదేళ్లకు అతనికి ఫ్లాట్ ఉంటుంది, ఆమెకు కిరాణా బిల్లులుంటాయి. ఆమె సంపాదన బియ్యం, పాలు, కరెంటు కింద కరిగిపోయి ఆస్తిగా ఎక్కడా కనబడదు. ఇది ఎన్నో ఇళ్లలో చూశాను. చివరికి ఇంటి ఖర్చు, కంతు రెండూ కలిపి జీతాల నిష్పత్తిలో ఇద్దరూ భరించాలని, ఆమె కంతు వాటా బ్యాంకు ద్వారానే పోవాలని, ఫ్లాట్ అమ్మితే ఆమె కట్టిన శాతం ఆమెకు రావాలని తేల్చారు. లోన్ ఇచ్చిన బ్యాంకు ఒప్పుకుంటే ఆమె పేరు చేర్చే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని కూడా.

ఉద్యోగం, ఊరు

తేలనిది ఇదే. ఆమెది ఆంధ్ర ప్రభుత్వ ఉద్యోగం, బెంగళూరుకు బదిలీ ఉండదు. అతని కంపెనీ అక్కడే. ఎక్కడ కాపురం ఉండాలో ఒప్పందంలో రాస్తే కోర్టు పట్టించుకోదని ఇద్దరికీ చెప్పాం. 1901లోనే కలకత్తా హైకోర్టు ముందుకు ఇలాంటి కేసొచ్చింది. అత్తగారిల్లు ఎప్పటికీ వదలనని భర్త పెళ్లికి ముందు రాసిచ్చిన మాట చెల్లదంది. కాబట్టి ఇది కేవలం మాట. రెండేళ్లు ఆమె ప్రొద్దుటూరులో, అతను బెంగళూరులో. శుక్రవారం రాత్రి బస్సుకు అతను వస్తాడు, సెలవుల్లో ఆమె వెళ్తుంది. రాజీనామా చేయమని ఎవరూ అడగకూడదు. రెండేళ్ల తర్వాత, లేదా బిడ్డ కడుపున పడితే అంతకుముందే, మళ్లీ మా ఇద్దరి ముందు కూర్చోవాలి. అబ్బాయి వాళ్లమ్మకు ఇది నచ్చలేదు, నచ్చలేదనే చెప్పింది. ఆ మాట కూడా సమావేశం నోట్సులో రాసుకున్నాం.

చివరి పేజీ చిన్నది. "ఎవరూ భరణం అడగకూడదు" అన్న వాక్యం ఒకటి పెడదామని అబ్బాయి అక్క సూచించింది. సీనియర్ గారే వద్దన్నారు. భరణం హక్కును ముందుగా వదులుకున్నట్టు రాయించినా చెల్లదు, ఆ హక్కు ఇప్పుడు, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద ఉంది. పిల్లలు ఎవరి దగ్గరుండాలన్నదీ ముందుగా రాయలేం, అది ఆ రోజు బిడ్డ క్షేమం చూసి కోర్టు తేల్చేది. మిగిలినవి రెండు. పొరపొచ్చం వస్తే మొదట మధ్యవర్తి దగ్గర కూర్చోవాలి. కోర్టుకు పోనని రాస్తే కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ అడ్డొస్తుంది, కాబట్టి ముందు అక్కడికి, తర్వాత ఎక్కడికైనా. రెండోది, జాబితాలోని నగలు అడిగిన ముప్పై రోజుల్లో ఆమె చేతికి రావాలి.

మొత్తం ఆరు పేజీలు, తెలుగులో. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా తనే చదువుకున్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఇద్దరు లాయర్లం సాక్షులుగా పెట్టాం. తల్లి తన చీర కొంగున ముడేసి తెచ్చిన పసుపు తీసి నాలుగు మూలలకూ రాసింది. నగల జాబితా మాత్రం ముందు చిత్తుగానే ఉంచి, తలంబ్రాలయ్యాక అదే సాయంత్రం మండపంలో సంతకం చేయించుకున్నారు.

పెళ్లయి ఏడాది దాటింది. వేసవిలో తోటలో మిగిలిన ఒక్క బోరూ తగ్గిపోయింది. మామగారు ఫోన్ చేసి అడిగింది కోడలినే. ఆమె జాబితా వెనక పేజీ ఫోటో తీసి నాకు పంపింది. అందులో ఇలా ఉంది: "గాజులు ఒక జత, 31.600 గ్రాములు, నా పేరున తాకట్టు, చీనీ కోత తర్వాత విడిపించాలి." కింద ఇద్దరి సంతకాలు. ఇంకో రంగు ఇంకుతో, ఐదు నెలల తర్వాతి తేదీ వేసి, "విడిపించాం" అని ఉంది. పక్కన మామగారు కూడా సంతకం పెట్టాడు. ఆయన్ను ఎవరూ పెట్టమనలేదు.

ఊరి సంగతి మాట్లాడుకోవడానికి వచ్చే మాఘంలో మళ్లీ వస్తామన్నారు.